ప్రోత్సాహము – కళాజీవనము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. చిరకాలము బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్న మాకు పిల్లలను గూర్చిన ప్రసంగమే ప్రియము. మన సంఘము విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది, వసతిగృహము నడపుచున్నది. చాల సంతోషము. కాని చిత్రలేఖనమో, సంగీతమో, శిల్పమో జీవనముగా నెంచుకొనదలచిన బిడ్డకు మనమేమి చేయుచున్నాము? ఈ ప్రశ్నను మీ ముందుంచుటకే మేము లేచితిమి.

కిష్కింధాకాండము కడపట సముద్రమును జూచి వానరవీరులు దిగులుపడిరి. అంతటి హనుమంతుడును ఒక ప్రక్క మౌనముగా గూర్చుండెను. వృద్ధుడగు జాంబవంతుడు అతనిని సమీపించి, అతని జన్మవృత్తాంతమును, బాల్యమున సూర్యునికై యెగసిన సాహసమును జ్ఞప్తికి దెచ్చెను. అంతట హనుమంతుడు పెరిగి నిలిచెను. జాంబవంతుడు క్రొత్త బలము నొసగలేదు. ఉన్న బలమును ఉన్నదని చెప్పెను. భారతమున కర్ణుని రథము నడపిన శల్యుడో, పగ్గములు చేత బట్టియే మాటలతో వీరుని తేజము నణచెను. శల్యసారథ్య మను మాట నేటికిని తెనుగువారి నోట నిలిచియున్నది. ప్రతి గృహమునందును ఈ యిద్దఱిలో నొకరు కూర్చుండియే యుందురు.

పురాణమేల? మన గోదావరీతీరముననే నిదర్శనము గలదు. దామెర్ల రామారావుగారు 1897లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆ పట్టణపు కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర యీ బాలుని చేతియందలి నేర్పును గుర్తించెను. గుర్తించి, మెచ్చుకొని యూరకుండలేదు. చిత్రరచనకు దారి చూపెను. తన సొమ్ము వెచ్చించి 1916లో బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలకు బంపెను. ఆ దొర మన దేశమువాడు గాడు, బాలుని కులమును విచారింపలేదు, చేతిని జూచెను. కవియు, చిత్రకారుడును, ‘నారాయణరావు’ నవలాకర్తయు నగు అడివి బాపిరాజుగారును ఆయన శిష్యులే.

రామారావుగారు బొంబాయినుండి వచ్చి యేమి చేసిరి? ‘ఋష్యశృంగ బంధనము’, ‘సిద్ధార్థ రాగోదయము’ వంటి చిత్రములు వ్రాసిరి. అంతటితో దనియక, రాజమహేంద్రవరముననే చిత్రకళాశాల స్థాపించి యితరులకు నేర్పిరి. 1925లో, 28వ యేట, మశూచికము వారిని గొనిపోయెను. అయినను దీప మాఱలేదు. మిత్రులు వరదా వేంకటరత్నముగారు ఆ పాఠశాలను నిలిపిరి. రామారావుగారి చిత్రములు నేడును ఆ పట్టణపు చిత్రశాలలో జూడవచ్చును.

ఇందు మేము గ్రహించిన విషయ మొక్కటి. ఆత్మవిశ్వాసము మొదట ఆత్మయందు బుట్టదు. అది పెద్దవా రిచ్చిన అప్పు. ఒకరు మనయందుంచిన నమ్మకమే కొంతకాలమునకు మన నమ్మకమగును. పిదప దానిని వేఱొకరికి దీర్పవలయును. కూల్డ్రే దొర రామారావుగారికి ఇచ్చెను. వారు శిష్యులకును మిత్రులకును ఇచ్చిరి.

మఱి మన యిండ్ల మాట. ఒకప్పుడు మా తరగతిలో నొక బాలుడు పలకమీద ఎద్దులబండి గీసెను. చక్రపుటాకులు సయితము లెక్క తప్పలేదు. వాని పెదతండ్రి వచ్చి, “బొమ్మలు కూడు పెట్టునా?” యని పలక తుడిచివేసెను. ఆ పిల్లవాడు మఱల మా యెదుట బొమ్మ గీయలేదు. ఆ పెద్దమనిషి దుష్టుడు గాడు. కఱవు చూచినవాడు, బిడ్డ పస్తుండునని భయపడెను. ఆ భయమునకు శుష్కప్రశంస సమాధానము గాదు. “భేష్” అనుట సులభము; భోజనపు ఖర్చు పెట్టుకొనుట కష్టము. రెండవది లేని మొదటిది బిడ్డను నడియేట విడుచుటయే యగును.

కావున దాతలకు మా విన్నపము. ఇచ్చుచున్న వేతనములలో నేటేట నొక్కటి కళాభ్యాసమునకై ప్రత్యేకింపుడు. అర్హుని నేరుటకు ఆ కళ తెలిసినవానిని బిలువుడు, బంధుత్వమును బిలువకుడు. ఒక్క యేటితో నాపక చదువు ముగియువఱకు నిండు. బాలికలను మఱవకుడు. ప్రతిఫలముగా పటములో దాతపేరు వ్రాయుమని యడుగకుడు. తాను నిలద్రొక్కుకొన్న పిదప మఱియొక బిడ్డకు నేర్పుమని మాత్రము మాట తీసికొనుడు.

ధనము లేనివారును చేయదగిన పని గలదు. నేటి రాత్రి యింటికి బోయి, బిడ్డ గీసిన బొమ్మను, పాడిన పాటను ఒక్క నిమేషము నిలిచి చూడుడు, వినుడు. ఏది బాగున్నదో పేరుపెట్టి చెప్పుడు. పలక తుడిచెడు చేయి మాత్రము మనది కాకుండుగాక!

స్వస్తి.