ఇంకొక్క ప్రశ్న అడగండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి నర్సింగ్ పట్టా అందుకుంటున్న బిడ్డలారా, మీకు అభినందనలు. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ ఒకే పాలమూరు జిల్లా. నా ఉద్యోగమంతా ఆ జిల్లా మనుషుల మధ్యే, మానసిక వైద్యం వార్డులో గడిచింది.

నాలుగు ప్రశ్నలడిగి జబ్బు ఉందేమో కనిపెట్టే స్క్రీనింగ్ అనే పని నేను కల్లు తాగేవాళ్ల మీద నేర్చుకున్నాను. మన దిక్కు కల్తీ కల్లు సంగతి మీకు చెప్పాలా? అందులో డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లు. దుకాణం మూతపడితే చాలు, వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో మనుషులు వార్డులోకి వచ్చేవాళ్లు. తాగుడు అలవాటును పట్టుకునేందుకు జాన్ యూయింగ్ అనే అమెరికా డాక్టరు 1984లో నాలుగు ప్రశ్నలు ప్రచురించాడు. మా డాక్టరుగారు వాటిని తెలుగులో రాసి నా చేతిలో పెట్టారు. నేను అడిగిన పెద్దమనిషి నాలుగింటికీ "లేదమ్మా" అన్నాడు. మంచినీళ్ల గ్లాసు మాత్రం రెండు చేతులతో పట్టుకున్నా తొణికిపోతోంది. కాగితం పక్కన పెట్టి, "దుకాణం ఎప్పుడు మూసిండ్రు పెద్దయ్యా?" అన్నాను. "మొన్న పొద్దుగూకంగ," అని ఠక్కున చెప్పాడు. చికిత్స అక్కడి నుంచి మొదలైంది.

ఇప్పుడు రోజులు మారాయి. బడుల నుంచి ఫోన్లు వస్తున్నాయి: "మేడమ్, మా పిల్లలకు సెల్‌ఫోన్ పిచ్చి ఎంతుందో పరీక్ష చెయ్యండి." రేపు మిమ్మల్నీ పిలుస్తారు, చేతిలో ఒక ఫారం పెడతారు. చాలా చోట్ల వాడేది 2013లో దక్షిణ కొరియా వాళ్లు బడి పిల్లల కోసం తయారుచేసిన పది ప్రశ్నల కొలమానం. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 6 దాకా మార్కులు, మొత్తం 60. మగపిల్లలకు 31, ఆడపిల్లలకు 33 దాటితే గమనించాలన్నారు. మంచి సాధనమే, నేనూ వాడతాను. కానీ అది మన ఊరికి వచ్చాక ఏమవుతుందో చెబుతాను, వినండి.

అందులో మణికట్టు నొప్పి, మెడ నొప్పి గురించి ఒక ప్రశ్న ఉంది. అయిజ దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి దానికి ఆరుకు ఆరు వేసుకుంది. "ఫోన్ అంతసేపు చూస్తవా?" అంటే, "మాకు ఫోనే లేదు మేడమ్, సెలవులల్ల అమ్మతోని సీడ్ పత్తి క్రాసింగ్‌కు పోత," అంది. విత్తనం కోసం పత్తి పూలు గిల్లీ గిల్లీ వాచిన వేళ్లు చూపించింది. బడిపిల్ల పత్తి చేలో ఎందుకుందన్నది ఫోన్ కన్నా పెద్ద ప్రశ్న. ఆ ఫారంలో దానికి గడి లేదు.

ఇంకొకటి, ఫోన్ లేకుండా ఉండగలవా అని. పెబ్బేరు దగ్గరి పిల్లవాడు "ఉండలేను" అని నిలువునా గీత కొట్టాడు. వాళ్లమ్మానాన్నలు పుణెలో మేస్త్రీ కింద పనికి పోయారు. వాడు అవ్వ దగ్గర ఉంటాడు. అమ్మ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తుంది. పాలమూరు వలస కూలీల బిడ్డకు ఆ ఫోనే అమ్మ ముఖం. దానికి మార్కులు వేసి వ్యసనం అంటామా?

మూడోవాడు డిగ్రీ విద్యార్థి. మార్కులు తక్కువే, ఫారం ప్రకారం బంగారంలాంటి పిల్లాడు. రోజుకు అరగంట కన్నా ఎక్కువ ఫోన్ పట్టడు. నిద్ర పడుతుందా అంటే తల దించుకున్నాడు. "పైసలేమన్నా పోయినయా నాయనా?" అన్నాను. పల్లికాయ అమ్మిన డబ్బంతా బెట్టింగ్ యాప్‌లో పోయింది, ఇంట్లో ఇంకా తెలియదు. 2017లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. ఆ నిషేధం వాడి ఫోన్ దాకా రాలేదు.

అందుకే పది ప్రశ్నలూ అయ్యాక ఇంకొక్కటి అడగండి. నిద్ర గురించో, డబ్బు గురించో, ఫోన్‌లో ఎవరితో మాట్లాడతావనో. ఆ పదకొండోది ఎవరూ అచ్చు వేసి ఇవ్వరు. దానికోసమే మీకు ఇన్నేళ్లు చదువు చెప్పింది.

వెనక వరుసలో తలలు వంచుకున్న తల్లులారా, నాకు కనబడుతోంది. ప్రార్థన చేస్తున్నారని అనుకోను. నైట్ డ్యూటీలో ఒక చేత సెలైన్, ఒక చేత రీల్స్ పెట్టుకుని, పొద్దున లేచి పిల్లలకు ఫోన్ తగ్గించమని బోధిస్తే పిల్లలు నవ్వుతారు, నేనైతే తిడతాను. సరే, ఇటు చూడండి.

నా అసలు బెంగ ఇదీ. ఒక బడిలో క్యాంపు పెట్టారు. 'అడిక్ట్' అని తేలిన పిల్లల పేర్లు ప్రార్థన సమయంలో గట్టిగా చదివారు. మరునాటి నుంచి వాళ్లకు అదే పేరు. లెక్క చూడండి: నూరు మంది పిల్లల్లో నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు పది మంది అనుకుందాం. మన ఫారం ఇబ్బంది ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ నూటికి ఎనభై మందిని సరిగ్గా గుర్తిస్తుందనుకుందాం. పదిలో ఎనిమిది మంది దొరుకుతారు. మిగతా తొంభైలో పద్దెనిమిది మంది ఏ జబ్బూ లేకుండానే పట్టుబడతారు. అంటే ఆ రోజు చదివిన ఇరవై ఆరు పేర్లలో పద్దెనిమిది ఉత్తవే. ఒక్కసారి బీపీ ఎక్కువొస్తే జీవితాంతం మాత్ర రాసేస్తామా? ఇదీ అంతే.

పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న పదకొండో కూర్పులో, గేమింగ్ వ్యసనం ఉంది గానీ స్మార్ట్‌ఫోన్ వ్యసనం పేరుతో విడిగా జబ్బు లేదు. గేమింగ్‌కైనా గంటల లెక్క పెట్టలేదు. ఆట మీద అదుపు తప్పిందా, మిగతా పనులన్నీ వెనక్కి పోయాయా, నష్టం కళ్లకు కనబడుతున్నా మానలేకపోతున్నాడా అని చూస్తారు, అదీ సాధారణంగా ఏడాది పాటు. నేను చూసేదీ అదే, ఆటలకే కాదు, రీల్స్‌కూ.

నిజంగా ఇబ్బందిలో ఉన్న ఆ పది మంది మాటేమిటి? 1968లోనే విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిపెట్టారు: దొరికిన జబ్బుకు చికిత్స అందే ఏర్పాటు ఉన్నప్పుడే స్క్రీనింగ్ చెయ్యాలని. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఫోన్, ఆటల పిచ్చి చికిత్స కోసమే షట్ క్లినిక్ నడుస్తోంది. అచ్చంపేట నుంచి ఒక కూలీ తల్లి అక్కడికి ఎన్నిసార్లు పోగలదు? ఆమెకు సర్కారు మానసిక సహాయ ఫోన్ లైన్ టెలిమానస్ నంబరు 14416 రాసివ్వండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రయినా పలుకుతారు. ఆ తర్వాత జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజో కనుక్కుని, ఆ రోజే రమ్మనండి. వారం తర్వాత మీరే ఫోన్ చేసి, వెళ్లిందో లేదో అడగండి. దానికి మాత్రం ఫోన్ ఎంతసేపు వాడినా నేనేమీ అనను.

రేపు మీ చేతికి వచ్చే ఫారంలో మార్కుల గడి పక్కన "తర్వాత ఎవరు చూస్తారు" అనే గడి ఉందా అని మొదట చూడండి. లేకపోతే మీరే గీయండి. అది నిండేదాకా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.