ఒడ్డున మేలుకొన్న కన్ను



కార్తీకమాసం రాబోతున్నది కనుక నదీస్నాన మహిమను గురించి మాట్లాడవలసిందిగా పెద్దలు నన్ను ఆదేశించారు. ఆ మహిమ మీకు తెలిసినదే. నేను ఈనాడు గత వేసవిలో చూచి వచ్చిన ఒక ఆటస్థలాన్ని గురించి చెప్పదలచాను. వేదిక ఎక్కిన పండితుడికి ఆటలతో పనియేమని మీరు నవ్వుకోవచ్చు. దయచేసి చివరివరకు వినండి.

మా అబ్బాయి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ నగరానికి చేరువలో ట్రావిస్ అనే సరస్సు కలదు. అది దానంతట ఏర్పడినది కాదు. అక్కడి కొలరాడో నది వరదలను అరికట్టడానికి 1937లో ఆనకట్ట పని ఆరంభించారు. ఇప్పుడు మాన్స్‌ఫీల్డ్ ఆనకట్ట అని పిలిచే ఆ కట్టడం వెనుక నిలిచిన నీరే ఈ సరస్సు. పొడవు 60 మైళ్ళకు పైమాటే.

ఆ నీటిమీద గాలి నింపిన కోట ఒకటి తేలుతూ ఉంటుంది. ప్లాస్టిక్ పూత పూసిన దళసరి గుడ్డతో చేసిన జారుడుబల్లలు, వంతెనలు, ఎక్కవలసిన గోడలు, కాలు మోపగానే దొర్లే దిమ్మెలు అన్నీ ఒకదానికొకటి కట్టి ఉంటాయి. గాలికి కొట్టుకొనిపోకుండా సరస్సు అడుగున బరువులు వేసి మోకులతో బిగిస్తారు. ఒక కొసన ఎక్కి, పడకుండా రెండవ కొసకు చేరాలి. అదే ఆట. తడిసిన ఆ గుడ్డ పాచిపట్టిన మెట్టుకన్న నునుపు. పడనివాడు లేడు.

మా మనుమరాలికి పదకొండేళ్ళు. ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళాము. లోనికి పోయే ముందు లైఫ్ జాకెట్ తొడుగుకోమన్నారు. మా అబ్బాయి చిన్ననాడు కృష్ణలో ఈదినవాడు. “నాకు ఈత వచ్చును, అక్కరలేదు” అన్నాడు. అక్కడి కాపలా కుర్రవానికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నవ్వుతూనే, “జాకెట్ లేనిదే ఎవరినీ పంపము” అన్నాడు. అంతటితో విడువలేదు. ఒక్కొక్కరి భుజాల దగ్గర జాకెట్‌ను పట్టి పైకి లాగి చూచాడు. గడ్డం దాకా లేచి వస్తే అది వదులుగా ఉన్నట్లు లెక్క. పట్టీ మరల బిగించాలి.

నేను ఒడ్డున కూర్చున్నాను. మనుమరాలు దొర్లే దిమ్మె మీదినుండి ఏడుసార్లు పడింది. పడిన ప్రతిసారీ నేను కన్నులు మూసుకొన్నాను. తెరిచి చూచేసరికి ఆమె బంతివలె పైకి తేలి నవ్వుతూ ఉండేది. “తాతయ్యా, పడితేనే కదా సరదా!” అని కేక వేసింది. నేను నవ్వలేకపోయాను. ఎందుకో ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

అరవై రెండేళ్ళ క్రిందట, నాకు పన్నెండేళ్ళ వయసులో, ఒక కార్తీక సోమవారం తెల్లవారుజామున మా అన్నయ్యతో కృష్ణాస్నానానికి వెళ్ళాను. వాడికి పదిహేనేళ్ళు. నాకంటె మూడు మెట్లు దిగువన నిలిచాడు. మునిగాడు, లేచాడు. మరల మునిగాడు, లేచాడు. మూడవసారి లేవలేదు. చుట్టూ నూరుమంది ఉన్నారు. వాడు అరవలేదు. అందరము వాడు స్నానం చేస్తున్నాడనే అనుకొన్నాము. నేనూ అలాగే అనుకొన్నాను.

మా అమ్మ “తలరాత” అన్నది. నేనూ అదే నమ్మాను. తరువాత పురాణప్రవచనాలు చెప్పే రోజులలో, నీటిలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చినప్పుడు అదే మాటతో ఓదార్చాను. ఆ సరస్సు ఒడ్డున నాకు తెలిసివచ్చినది ఏమంటే, నేను చెప్పినది సగం మాట మాత్రమే.

ఆ కాపలా కుర్రవాణ్ణి మా అబ్బాయి ద్వారా ఒక ప్రశ్న అడిగాను: “మీరు అరుపులు వినడానికేనా ఇక్కడ నిలిచేది?” అతడు తల అడ్డంగా ఊపాడు. “మునిగేవాడు అరవలేడు. ఊపిరి అందితేనే కదా అరుపు? అందుకే మేము చెవితో కాదు, కంటితో కాపలా కాస్తాము” అన్నాడు. అరవై రెండేళ్ళు నన్ను బాధించిన ప్రశ్నకు సమాధానం దొరికింది. అన్నయ్య ఎందుకు పిలవలేదని నేను లోలోపల వాడిమీద కినుక పెట్టుకొన్నాను. వాడికి పిలిచే అవకాశమే లేకపోయింది.

మరొక సంగతి. నీటిలో మన దేహం బరువు చాలావరకు తేలిపోతుంది. పెద్దవాని తల నీటిపైన నిలవడానికి సుమారు 3 నుండి 5 కిలోల ఆధారం చాలును. ఒక ప్రాణం నిలవడానికి అంత కొద్ది ఆధారం చాలునని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

“భగవంతుడుండగా జాకెట్ ఎందుకండీ?” అని ఇక్కడ ఒక మిత్రుడు అడిగాడు. గజేంద్రుడు మొసలి పట్టిన వెంటనే చేష్టలుడిగి కూర్చోలేదు. ఏళ్ళ తరబడి పోరాడి, బలమంతా ఉడిగిన తరువాత పిలిచాడు. మనము చేయవలసినది మానివేసి, ఆయన చేయవలసినది చేయలేదనడం భక్తి కాదు.

కనుక నా విన్నపం. గొలుసు కట్టిన హద్దు దాటి దిగకండి. ఈత వచ్చినవారికీ ఇదే మాట. పసిపిల్లలకు జాకెట్ తొడగండి. మీ బృందంలో ఒకరు స్నానం వాయిదా వేసుకొని, ఫోను సంచిలో పెట్టి, మిగిలినవారిని లెక్కపెడుతూ ఒడ్డున నిలవండి. అందరూ ఒడ్డు చేరిన తరువాత వారు మునగవచ్చును. పుణ్యానికి లోటు రాదు. ఎవరైనా కొట్టుకొనిపోతుంటే ఈత రానివారు వెనుకనే దూకకండి. దూకినవారూ మునుగుతారు. ఉత్తరీయం గానీ, తాడు గానీ, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను గానీ విసరండి. 20 లీటర్ల ఖాళీ క్యాను ఇంచుమించు 20 కిలోల బరువును తేల్చగలదు.

ఆనాడు చివరకు మనుమరాలు నన్నూ వదలలేదు. జాకెట్ తొడిగించి, భుజాల దగ్గర పట్టి లాగి చూచి, “సరిపోయింది తాతయ్యా” అని చేయి పట్టి ఒడ్డునే నీటిలోకి దింపింది. మెట్టును వదలకుండా స్నానం చేసే అలవాటున్న నా పాదాలు అరవై రెండేళ్ళ తరువాత నేలను వదిలాయి. తేలాను. అన్నయ్య పేరు చెప్పుకొని మూడుసార్లు నీటిని కన్నులకద్దుకొన్నాను. కాపలా కుర్రవాడు ఒడ్డునుండి రెప్ప వేయకుండా నావైపే చూస్తున్నాడు.

అటువంటి కన్ను ప్రతి రేవులోనూ మేలుకొని ఉండుగాక.

స్వస్తి.