తెర నీలమైతే తెల్లబోకండి



ఈ రోజుల్లో చాలా ఇళ్ళల్లో కంప్యూటరు కూడా మిక్సీ, కుక్కరులాగే ఇంటి సామానైపోయింది. పిల్లల పాఠాలు, పెళ్ళి ఫొటోలు, బ్యాంకు లెక్కలు అన్నీ అందులోనే. అటువంటిది పని మధ్యలో ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారి, ఏవో ఇంగ్లీషు మాటలు కనిపించి ఆగిపోతే గుండె గుభేలుమనదూ! "అయ్యో, కంప్యూటరు పోయింది" అనుకుంటాం. పక్కన ఎవరో "ఫార్మాట్ కొట్టించెయ్యండి" అంటారు. తొందరపడి ఆ మాట వింటే పోయేది కంప్యూటరు కాదు, అందులో మనం దాచుకున్నవి.

అసలీ నీలితెర ఏమిటి? మనింట్లో ఫ్యూజులాంటిది. ఎక్కడో తేడా వస్తే ఇల్లంతా కాలిపోకుండా ఫ్యూజు తాను పోతుంది. అలాగే విండోస్ తాను సరిదిద్దుకోలేని తప్పు ఎదురైతే, ముందుకి పోతే సమాచారం చెడుతుందని తనంతట తాను పని ఆపేస్తుంది. 2025లో విండోస్ 11 కి వచ్చిన మార్పుతో ఆ తెర నీలం పోయి నల్లగా వస్తోంది. రంగు మారినా సంగతి ఒకటే.

2024 జూలై 19న ప్రపంచమంతటా ఆఫీసుల్లో, విమానాశ్రయాల్లో ఇవే తెరలు వచ్చి జనం అవస్థపడ్డారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక్క తప్పు ఫైలు దానికి కారణం. సుమారు 85 లక్షల కంప్యూటర్లని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఆ యంత్రాలకి జబ్బేమీ లేదు. ఆ ఫైలు తీసేస్తే మామూలుగా పనిచేశాయి. మనకీ పాఠం అదే. ఫ్యూజు పోతే "ఇప్పుడేం ప్లగ్గు పెట్టావు?" అని అడుగుతాం కదా, ఇక్కడా అదే అడగాలి.

ముందుగా తెర మీద "స్టాప్ కోడ్" అని ఉన్న మాటని సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. డాక్టరుకి జ్వరమెంతో చెప్పినట్టు, బాగుచేసేవారికి అదే ఆనవాలు. కంప్యూటరు మళ్ళీ మామూలుగా తెరుచుకుని, తేడా మళ్ళీ రాకపోతే కంగారు లేదు. పదే పదే వస్తుంటే, వేరే పని పెట్టుకోకుండా ముఖ్యమైన ఫొటోలు, కాగితాలు బయటి డిస్కులోకి ఎక్కించుకోండి. మిగతా వైద్యమంతా ఆ తరవాతే.

ఈమధ్య కొత్తగా ప్రింటరు తగిలించారా? పిల్లలేదైనా ఆట ఎక్కించారా? దాన్ని తీసి చూడండి. గుర్తు లేకపోతే స్టార్ట్ దగ్గర "రిలయబిలిటీ హిస్టరీ" అని వెతకండి. ఏ తేదీన ఏం ఎక్కిందో, ఎప్పుడు ఆగిందో డైరీలా చూపిస్తుంది.

కంప్యూటరు తెరుచుకున్నా నిలవకపోతే, షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాటి రీస్టార్ట్ అన్నాక, 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అంటే ఉప్పూకారం లేని పథ్యం లాంటిది. అందులో తేడా రాకపోతే తప్పు చాలావరకు మనం ఎక్కించినవాటిదే. కొన్ని కంప్యూటర్లు ఇక్కడ 48 అంకెల బిట్‌లాకర్ తాళం అడుగుతాయి. దాన్ని ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

వేడి కూడా ఒక కారణమే. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెడితే గాలి దారులు మూసుకుపోతాయి. బల్ల మీద పెట్టండి. పెద్ద కంప్యూటరైతే ప్లగ్గు తీసి, ఫ్యాను దగ్గరి దుమ్ము మెత్తని బ్రష్షుతో దులపండి. "విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్" అన్న పరీక్షలో తప్పు చూపిస్తే లోపం ర్యామ్‌లో ఉండవచ్చు. అప్పుడిక తెలిసినవారికి చూపించండి. "ఏమీ చెరపకండి" అని ముందే చెప్పి మరీ ఇవ్వండి.

చివరగా ఒక హెచ్చరిక. ఇంటర్నెట్ చూస్తుండగా నీలితెర వచ్చి, "ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని ఉంటే అది మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కండి. పోకపోతే కంప్యూటరు ఆపేయండి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చెయ్యకుండా 1930 కి ఫోన్ చెయ్యాలి.

ఆవకాయ ఒక్క జాడీలోనే ఉంచి, అది పగిలాక విచారిస్తే ఏం లాభం? రెండో జాడీలోకి కొంత తీసి పెట్టుకోవడం మనకి కొత్తేమీ కాదు. ఫొటోలకీ ఆ జాగ్రత్తే చాలు. వారానికొకసారి రెండోచోట దాచండి. ఆ తరవాత తెర ఏ రంగులోకి మారినా నిబ్బరంగా చూడవచ్చు.