కారాగారము నుండి గ్రామమునకు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ పనులనగానే బాటలు, మంచినీరు, వీధిదీపములు, పారిశుద్ధ్యము మనకు స్ఫురించును. నేడు మేము ప్రస్తావింపదలచిన విషయము ఏ బడ్జెటు పద్దులోను కానరాదు. అయినను అది మన గ్రామముల శాంతికి అత్యంత సన్నిహితమైనది. శిక్ష ముగించుకొని కారాగారము నుండి ఇంటికి వచ్చిన మనిషి మరల నేరమున పడకుండ నిలుచుటకు గ్రామమేమి చేయగలదు అనునదియే ఆ విషయము.

"మా ఊరిలో అట్టివారు ఒకరో ఇద్దరో ఉందురు. వారికొరకు ఇంత చర్చ ఎందుకు?" అని కొందరు అడుగవచ్చును. ఆ ఒక్కరు మరల దొంగతనమునకు దిగినచో నష్టపడునది పొరుగు రైతే. తగవులో మరల కత్తి పట్టినచో కన్నీరు కార్చునది మన వీధిలోని తల్లియే. అతనిని తిరిగి జైలులో ఉంచి పోషించునది ప్రజల సొమ్మే. కనుక అతడు నిలద్రొక్కుకొనుట అతనికెంత మేలో ఊరికిని అంత మేలు.

మనిషిపై నేరస్థుడను ముద్ర వేసినందున ఏమగునో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము గలదు. ఎరుకల కుటుంబములలో అనేకులు పూర్వము పశువులపై ఉప్పు, ధాన్యము వేసికొని ఊరూర అమ్ముకొని జీవించెడివారు. రైళ్లు వచ్చుటచేతను, ఉప్పుపై ప్రభుత్వపు కట్టుబాట్లు పెరుగుటచేతను ఆ వ్యాపారము దెబ్బతిన్నది. కొన్ని తెగలవారు పుట్టుకతోడనే నేరస్థులను భావముతో ఆంగ్ల ప్రభుత్వము 1871లో చేసిన చట్టము, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వ్యాపించినది. జీవనాధారము పోయినవారి నెత్తిపై ఈ బరువు పడినది. 1913లో స్టూవర్టుపురము సెటిల్మెంటు ఏర్పడి, సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణలో నడచినది. పేరు నమోదైనవారు హాజరు చెప్పుకొనవలెను. అనుమతి లేక ఊరు దాటరాదు.

స్వాతంత్ర్యానంతరము 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినది. చట్టము పోయినను పేరు పోలేదు. ఎక్కడ దొంగతనము జరిగినను అనుమానము ముందుగా ఆ ఊరిపైకే పోవుచుండెను. నిజాయితీగా బ్రతుకగోరువానికిని ఊరి పేరు చెప్పుకొని పని సంపాదించుట కష్టమయ్యెను. పని లేనివానికి పాత దారియే తెరచియుండును గదా! 1970ల దశకములో విజయవాడ నాస్తిక కేంద్రమునకు చెందిన శ్రీ లవణం, శ్రీమతి హేమలతా లవణం దంపతులు అచటికి పోయి, ఆ కుటుంబములతో కలిసిమెలిసి, పిల్లల చదువునకు, పెద్దల ఉపాధికి పూనుకొనిరి. మనిషిని నమ్మి, అతని ఇంటి గడప తొక్కినవారే అతనిని మార్చగలిగిరి.

చట్టము కూడ నేడు ఈ దారిలోనే నడచుచున్నది. 1958 నాటి ప్రొబేషను చట్టము ప్రకారము, తగిన సందర్భములలో న్యాయస్థానము నేరస్థుని జైలుకు పంపక, సత్ప్రవర్తన షరతుపై విడువవచ్చును. 21 ఏండ్లు నిండనివారిని, యావజ్జీవ శిక్షకు తగిన నేరమైననే తప్ప, తగు కారణములు వ్రాయక జైలుకు పంపరాదు. గియాసుద్దీను అను వ్యక్తికిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడచిన వ్యాజ్యమున, 1977లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యరు గారు శిక్షకు పరమార్థము మనిషిని సంస్కరించుటయేనని వివరించిరి. కులమును బట్టి ఖైదీలకు పనులు పంచెడి జైలు నిబంధనలు రాజ్యాంగ విరుద్ధములని 2024 అక్టోబరు 3వ తేదీన అదే న్యాయస్థానము తీర్పు చెప్పినది.

జైళ్లలోను పని నేర్పుచున్నారు. వడ్రంగము, నేత, కుట్టుపని అచట నేర్చినవారు కలరు. చర్లపల్లిలోను, అనంతపురములోను ఆరుబయలు జైళ్లలో ఖైదీలు వ్యవసాయము చేసిరి. తెలంగాణ జైళ్ల శాఖవారు పెట్రోలు బంకులు నెలకొల్పి ఖైదీలకును, విడుదలైనవారికిని అందు పని కల్పించిరి. కాని జైలు ఎంత నేర్పినను, ఆ మనిషి తిరిగి వచ్చునది మన ఊరికే. అచట నేర్చిన పని ఇచట కూడు పెట్టునో లేదో తేల్చవలసినది మనమే.

అయినచో పంచాయతీ ఏమి చేయవలెను?

మొదటిది, విడుదలకు పూర్వమే కుటుంబమును గమనింపవలెను. ఇంటి యజమాని జైలులో ఉండగా పిల్లలు బడి మానుదురు, అప్పు పెరుగును, పొలము అన్యాక్రాంతమగును. వచ్చుసరికి ఇల్లు చెదరియున్నచో మనిషి నిలువడు. పిల్లలను బడిలో నిలుపుట మనచేతి పని. ప్రొబేషను అధికారి విచారణకు వచ్చినపుడు పార్టీలను, పాత కక్షలను ప్రక్కకు పెట్టి యథార్థము చెప్పవలెను.

రెండవది, వచ్చిన తొలి వారములలో కాగితములు సరిచేయింపవలెను. రేషను కార్డులో పేరు, ఆధారు, బ్యాంకు ఖాతా, ఉపాధి పనుల నమోదు, ఇవి లేనివాడు నేడు కూలిపనికి కూడ కొరగాడు. కార్యదర్శిగారు ఒక్క పూట శ్రద్ధ వహించినచో ఇందు చాలవరకు దారికి వచ్చును.

మూడవది, పాత కేసుల వాయిదాలు. క్రొత్త నేరమేదియు చేయకున్నను, వాయిదాకు హాజరు కానందున వారంటు వచ్చి మరల జైలుకు పోవువారు కలరు. బస్సు ఖర్చు లేకపోవుట, తేదీ తెలియకపోవుట వంటి చిన్న కారణములే ఇంత పెద్ద నష్టము తెచ్చును. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి ఉచిత న్యాయసహాయము కలదు. 15100 అను నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును.

నాల్గవది, పని. వచ్చినవానికి మొదటి కూలి ఎవరిచ్చెదరో వారే అతని నడవడికి పునాది వేయుదురు. ఊరిలో ఎవరును పిలువనిచో, పట్టణపు పాత స్నేహితులు, సారా దుకాణపు సావాసము పిలుచును.

ఐదవది, అన్నిటికంటె కష్టమైనది, మన నాలుక. పోలీసు దస్తరముల నుండి జనుల నోటికెక్కిన 'కేడీ' అను మాట మనిషిని జీవితాంతము వెంటాడును. కోడి పోయినను, మోటారు తీగ పోయినను అతని పేరే ముందు చెప్పుట ఆపవలెను. ఆధారమున్నచో చెప్పుడు, లేనిచో మౌనము వహింపుడు. ఊరినుండి వెలివేయుటకు పంచాయతీకి అధికారము లేదు. అది న్యాయమును కాదు.

ఇంకొక మాట. నేరము వలన నష్టపడిన కుటుంబమును మరచి నేరము చేసినవానినే ఆదరింపుడని మేము చెప్పుటలేదు. ఖైదీలకు న్యాయమైన కూలి ఇవ్వవలెననియు, అందు కొంత భాగము బాధితులకు చెందునట్లు ఏర్పాటు చేయవలెననియు 1998లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ కుటుంబము ఇంటికి పెద్దలు పోయి వారి భయమును, బాధను ముందుగా వినవలెను. వారిష్టపడనిచో రాజీకి బలవంతము చేయరాదు. మరల బెదిరింపు జరిగినచో, ముఖ్యముగా స్త్రీలకు, పిల్లలకు అపాయము తోచినచో, వెంటనే పోలీసువారికి తెలుపవలెను. దయ అనగా నేరమును కప్పిపుచ్చుట కాదు.

కొందరు ఎంత ఆదరించినను మరల తప్పుదారి పట్టవచ్చును. అంతమాత్రమున తక్కినవారికి తలుపు మూయరాదు. ఒక చేనిలో పంట పోయినదని ఊరంతయు సేద్యము మానుకొనదు గదా!

కనుక మీ తదుపరి సమావేశమున అరగంట దీనికి కేటాయింపుడు. మీ గ్రామమునకు తిరిగివచ్చినవారెవరు, రానున్నవారెవరు, వారి పిల్లలు బడికి పోవుచున్నారా, వారికి పని కలదా అని విచారింపుడు. ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క సభ్యుడు బాధ్యత వహింపుడు. న్యాయస్థానము విధించిన శిక్ష జైలు ద్వారమువద్దనే ముగిసినది. గ్రామము దానిని పొడిగింపకుండ చూడుడని మీకు మా మనవి.