ఎదుట మనిషి లేని సాధన

కరాటే, జూడో, కెండో వంటి జపాన్ యుద్ధవిద్యలను గురువు లేకుండా ఇంట్లోనే నేర్చుకోవచ్చా అన్నది ఈనాటి ప్రశ్న. ఒంటరి సాధన నేర్చినదాన్ని ఒంటికి పట్టిస్తుంది. అది చెయ్యనివాడికి ఏ విద్యా రాదు. కానీ దూరాన్నీ, అదనునూ అది నేర్పలేదు. కెండోలో 1912లో ఖరారైన పది జంట కటాలున్నాయి, అంటే ఇద్దరు కలిసి చేసే, ముందే నిర్ణయించిన కదలికల వరుసలు. వాటిలో మొదటిదే చూడండి. ఇద్దరూ చెక్కకత్తులు తలపైకెత్తి మూడడుగులు ఎదురెదురుగా వస్తారు. ఉచిదాచి పాత్రలో ఉన్నవాడు నడినెత్తిన వేటు వేస్తాడు. రెండోవాడు, అంటే షిదాచి, వెనక్కి తగ్గి, ఆ వేటును గాలిలోకి పోనిచ్చి, మరుక్షణమే ముందుకొచ్చి తలమీద కొడతాడు. చూడ్డానికి ఇంతే. కానీ షిదాచి రవ్వంత ముందు కదిలితే ఎదుటివాడు గురి మార్చుకుంటాడు, ఆలస్యమైతే నెత్తి పగులుతుంది. అద్దం ముందు ఇదే కదలిక ఎంతో చక్కగా రావచ్చు. అక్కడ దిగివచ్చే కత్తి లేదు కాబట్టి తొందరపాటుగానీ ఆలస్యంగానీ బయటపడవు. పైగా ఓడిపోయే ఉచిదాచి స్థానం గురువుది. శిష్యుడికి అదను తెలియాలని పెద్దవాడు ప్రతిసారీ ఓడతాడు. బోధనలో ఇంతకంటే ఉదారమైన ఏర్పాటు నాకు తెలియదు.

మరి మియమోతో ముసాషి మాటేమిటని అడుగుతారు. 1645లో కన్నుమూసిన ఆ ఖడ్గవీరుడు తనకు గురువే లేడని రాసుకున్నాడు. అయితే పదమూడో ఏట మొదలుపెట్టి అరవైకి పైగా పోరాటాలు చేశానని రాసిందీ ఆయనే. అంటే ఆయన తప్పులను దిద్దే పని ప్రత్యర్థుల కత్తులు చేశాయి. ఒక్క తప్పు దిద్దుకోకపోయినా ప్రాణం పోయేది. దాన్ని ఒంటరి సాధన అనలేం. కరాటేను ఒకినావా నుంచి తోక్యోకు తెచ్చిన ఫునకోషి గిచిన్ కథ దీనికి భిన్నం. రాత్రిళ్లు తన గురువు అసాతో గారి పెరట్లో ఆయన ఒకే కటాను నెలల తరబడి ఒక్కడే చేసేవాడు. గురువు కూర్చుని చూస్తూ, మళ్లీ చెయ్యమనేవాడు. కదిలేది ఒక్కడే అయినా సాధనలో ఇద్దరున్నారు.

అసలు బలమైన అభ్యంతరం వేరే ఉంది. గురువే ప్రమాదం కావచ్చు. జపాన్ పాఠశాలల్లో 1983 తరువాతి మూడు దశాబ్దాల్లో జూడో ప్రమాదాల వల్ల వందమందికి పైగా విద్యార్థులు చనిపోయారు. వెనక్కి పడుతూ తల కొట్టుకోవడం అందులో ముఖ్య కారణం. దీన్ని దాచి గురువును పొగడడం తప్పు. కానీ ఆ పిల్లలకు లోపించింది ఏకాంతం కాదు, పడడం వచ్చిందో లేదో చూశాకే విసరనిచ్చే కన్ను. గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో చాపను చరిచి పడే ఉకెమిని ఎవరికి వారే వందలసార్లు చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. మన ఊళ్లో పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు ముందు అడగవలసింది బెల్టు రంగు గురించి కాదు, విసుర్లు మొదలయ్యే ముందు ఆ ఉకెమిని ఎవరు, ఎన్నాళ్లు చూస్తారని.