కత్తిపీటకు బట్టు త్రుప్పు

కత్తిపీట కొక ప్రసంగమా యని నవ్వకుడు. మా తల్లిగారి కత్తిపీటను తెలివితక్కువచేత జెఱచినవాడను నేనే గావున, ఈ మాట చెప్పుటకు నా కధికారము గలదు.

ఒక వేసవిని ఆవకాయకు ముక్కలు తరిగి, అలుగు కడుగక విడిచితిమి. నీరును గాలియు గలిసిననే ఇనుము త్రుప్పు పట్టును. పులుపును ఉప్పును దోడైన జెప్పనేల? తెల్లవాఱునప్పటికి అలుగెల్ల ఎఱ్ఱబాఱెను. చింతపండు త్రుప్పును విఱుచునని వినియుంటిని. ఆ రసములో రాత్రియంతయు నానవైచితిని. త్రుప్పు పోయెను గాని, పులుపు ఉక్కును గూడ దిని గుంటలు చేసెను.

చింతపండుగుజ్జు పూసి ఒక గడియ యుంచిన జాలును. పిమ్మట ఇటుకపొడితో, వెన్నునుండి అంచువైపునకు దోమి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో దుడిచి, పలుచగా నూనె రాయవలెను. ఆఱుటకై నిప్పులపై బెట్టరాదు. వేడి మిక్కుటమైన గమ్మరి పెట్టిన పదును సడలి అంచు మెత్తబడును.

ఎఱ్ఱని త్రుప్పు గుల్లగా నుండి, తేమను బట్టి యుంచి, లోలోపలికి దినుచు బోవును. అరటికాయ తరిగినప్పుడు పట్టు నల్లని మఱక అట్టిది కాదు. కాయలోని వగరు ఇనుముతో గలిసిన రంగది. కడిగి తుడిచిన జాలును, వదలగొట్ట నక్కఱలేదు. ఆ నలుపునకై కోడండ్రు మాటలు పడుట నేనెఱుగుదును.

వానకాలమున వాడక మూల నుంచునప్పుడు ఆముదము రాయుట మేలు. తడిగోనెలో జుట్టరాదు.

మా కత్తిపీటను కమ్మరి సానబట్టెను. నేటికిని దెగుచున్నది. గుంటలు మాత్రము పోలేదు. మా తల్లిగారు జీవించియున్నంతకాలము వానిని గూర్చి నన్నొక్క మాటయు ననలేదు.