న్యాయవాది, శాసనకర్త కొండా లక్ష్మణ్ బాపూజీ

(వరాలా తలావ్ సమీపాన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ చెరువు చుట్టూ ఉన్న కామత్‌ఘర్, పద్మానగర్ వాడలలో తెలుగు మాట వినిపించడం మొదలై తరాలు గడిచాయి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుండి మగ్గం విడిచి సాంచాల పనికి వచ్చిన కుటుంబాలవి. ఊరు విడిచి వచ్చిన నేతగాని కథ ఈ సభలోని వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఊరిలోనే నిలిచి, నేతగాని తరఫున కోర్టులోనూ శాసనసభలోనూ మాట్లాడిన ఒక నేతబిడ్డ జీవితం ఇక్కడి యువతకు అంతగా తెలియదు. ఆయనే కొండా లక్ష్మణ్ బాపూజీ.

1915 సెప్టెంబరు 27న ఆదిలాబాద్ జిల్లా ఆసిఫాబాద్ తాలూకాలోని వాంకిడి గ్రామంలో పద్మశాలి కుటుంబంలో ఆయన జన్మించారు. చిన్ననాడే తల్లిని పోగొట్టుకున్నారు. వాంకిడి నాడూ నేడూ సరిహద్దు గ్రామమే. అక్కడ తెలుగు, మరాఠీ, గోండీ భాషలు ఒకే సంతలో వినిపిస్తాయి. బాపూజీ చదువు ఆసిఫాబాద్‌లోనూ రాజూరాలోనూ సాగింది. నాడు రాజూరా నిజాం రాజ్యంలో భాగం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు అది బొంబాయి రాష్ట్రంలో చేరి, నేడు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉన్నది. ఆ విధంగా ఆయన బాల్యంలో కొంత భాగం ఈ రాష్ట్రపు నేలమీదనే గడిచిందని చెప్పుకొనవచ్చును. మరాఠీ, తెలుగు వారి నడుమ గీత గీయడం ఎంత కష్టమో ఆ ప్రాంతపు పటం చూచినవారికి తెలుస్తుంది.

ఉన్నత విద్యకై హైదరాబాదు చేరి, న్యాయశాస్త్రం అభ్యసించి, 1940లో ఆయన న్యాయవాద వృత్తి ఆరంభించారు. ఆ కాలపు న్యాయస్థానాన్ని ఒకసారి ఊహించుకోవాలి. నిజాం రాజ్యంలో జనాభాలో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. కోర్టు భాష మాత్రం ఉర్దూ. వాది గోడు ఒక భాషలో, దరఖాస్తు మరొక భాషలో ఉండేవి. తన మీద ఏమి వ్రాశారో తనకే అర్థం కాని కాగితంపై రైతు వేలిముద్ర వేసేవాడు. జాగీర్దారు, దేశ్‌ముఖ్ చేతిలో భూమి, పోలీసు, పట్వారీ లెక్క అన్నీ ఉండేవి. అటువంటి చోట వకీలు పని వాదించడంతో ఆగదు. కక్షిదారుకు అతని హక్కు ఏమిటో అతని భాషలో చెప్పడం మొదటి పని. భివండి వంటి పట్టణంలో జీతం చీటీ, కిరాయి కాగితం లేక తిరిగే కార్మికునికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను దక్కించుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు తెలుగునాట ఎరుగనివారు లేరు. ఆమె పక్షాన నిలిచి వాదించిన న్యాయవాదిగా తెలంగాణ ప్రజలు బాపూజీని నేటికీ తలచుకుంటారు. నాటి ఉద్యమాలలో పట్టుబడిన అనేకుల కేసులను ఆయన చేపట్టారు. ఆయన కాంగ్రెసువాది. ఆ కేసులలోని వారిలో చాలామంది కమ్యూనిస్టులు. వకాల్తా పుచ్చుకునే వేళ ఆ భేదాన్ని ఆయన లెక్కచేయలేదు. ఆయన వృత్తి జీవితంలో అన్నిటికన్నా గౌరవింపదగిన అంశం బహుశా ఇదే.

చట్టం తెలిసినవాడు చట్టాన్ని ఉల్లంఘించవలసి వచ్చిన ఘట్టమూ ఆయన జీవితంలో ఉన్నది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో ఆయన పాల్గొన్నారు. 1947 ఆగస్టులో దేశమంతా స్వతంత్రమైనా హైదరాబాదు కాలేదు. ఆ సంవత్సరం డిసెంబరు 4న నారాయణరావు పవార్ అనే ఆర్యసమాజ యువకుడు హైదరాబాదులో నిజాం ప్రయాణిస్తున్న కారుపై బాంబు విసిరాడు. నిజాం ప్రాణాలతో బయటపడ్డాడు. పవార్‌కు మరణశిక్ష విధించినా అది అమలు కాలేదు. ఆ కేసులో బాపూజీ పేరు కూడా వచ్చింది. ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాతనే ఆయన వంటివారికి బహిరంగ జీవితం తిరిగి సాధ్యమైంది.

1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ఆసిఫాబాద్ నుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఆయన ఎన్నికయ్యారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతపు సభ్యులు 1955లోనే ఎన్నికైనందున 1957లో తెలంగాణ ప్రాంతంలో మాత్రమే ఎన్నికలు జరిగాయి. అప్పుడు నల్లగొండ జిల్లా చిన్నకొండూరు నుండి గెలిచి, ఉమ్మడి శాసనసభకు ఉపసభాపతి అయ్యారు. నాటి సభాపతి విజయవాడకు చెందిన అయ్యదేవర కాళేశ్వరరావు. ఆయనా న్యాయవాదియే. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో బాపూజీ మంత్రి అయ్యారు. తరువాత కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలోనూ పనిచేశారు. 1967లోనూ 1972లోనూ భువనగిరి ప్రజలు ఆయనను ఎన్నుకున్నారు.

పదవుల జాబితా కన్నా చేనేత సహకార సంఘాల కోసం ఆయన పడిన శ్రమ ఈ సభకు దగ్గర విషయం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనూ ఆ తరువాతా నూలుపై ప్రభుత్వ నియంత్రణ ఉండేది. కోటా వ్యాపారి చేతిలో ఉండేది. నేతగాడు నల్లబజారు ధరకు నూలు కొని, నేసిన చీరను అదే వ్యాపారికి అతడు చెప్పిన ధరకు అమ్మేవాడు. రెండు చివరలా ఒకే మనిషి కూర్చున్నప్పుడు నడుమనున్నవానికి మిగిలేది అప్పు. సహకార సంఘం ఈ ముడిని విప్పడానికి పుట్టినది. నూలు సంఘం పేరున వస్తుంది, బట్ట సంఘం ద్వారా అమ్ముడవుతుంది, లాభం సభ్యులకు చెందుతుంది. తెలంగాణలో ఇటువంటి సంఘాలను నిలబెట్టిన వారిలో బాపూజీ ప్రముఖులు. 1952లో అఖిల భారత చేనేత మండలి ఏర్పడడం, 1953లో మిల్లు బట్టపై పన్ను వేసి ఆ సొమ్మును ఖాదీ, చేనేతలకు మళ్ళించే చట్టం రావడం వంటి జాతీయ పరిణామాలు ఈ కృషికి ఊతమిచ్చాయి. అన్ని సంఘాలూ సక్రమంగా నడిచాయని చెప్పడం మాత్రం సత్యం కాదు. లెక్కలు చూడని సభ్యులున్న చోట సంఘమే మరొక వ్యాపారిగా మారిన ఉదాహరణలు ఉన్నాయి.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన మాటను దాటవేయరాదు. బాపూజీ నిలిచినది చేతిమగ్గం పక్షాన. భివండి బ్రతుకుతున్నది మరమగ్గం మీద. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు ఆ నిషేధం పడినది మరమగ్గాలపైననే. ఒకే కులం, కొన్ని ఇళ్ళలో ఒకే కుటుంబం, ఈ చట్టానికి రెండు వైపులా నిలబడింది. ఊరిలో అన్న గుంతమగ్గంపై కూర్చుంటే తమ్ముడు భివండిలో సాంచాలు నడిపాడు. తమ్ముడు పంపిన డబ్బుతోనే అన్న ఇల్లు గడిచిన సందర్భాలూ లేకపోలేదు. ఈ చిక్కుకు సులభమైన తీర్పు లేదు.

1969 జనవరిలో తెలంగాణలో ఆందోళన చెలరేగింది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఇచ్చిన హామీలు, ముఖ్యంగా ఉద్యోగాలలో స్థానికులకు రక్షణ, అమలు కాలేదన్నది విద్యార్థుల ఆరోపణ. బాపూజీ అప్పుడు మంత్రి. మార్చి 27న పదవికి రాజీనామా చేసి ప్రత్యేక రాష్ట్ర వాదంలో చేరారు. ఆ ఉద్యమంలో ఎందరో యువకులు పోలీసు కాల్పులలో మరణించారు. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి పది స్థానాలు గెలిచి, అనంతరం కాంగ్రెసులో విలీనమైంది. చాలామంది నాయకులు తిరిగి పదవులలో కుదురుకున్నారు. బాపూజీ తన మాటను మార్చుకోలేదు. వాదనలో ఆయనతో విభేదించే తెలుగువారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. కాని మాటకోసం మంత్రి పదవిని వదలడంలోని బరువును వారూ కాదనరు.

హుస్సేన్ సాగర్ తీరాన ఆయన నివాసం పేరు జలదృశ్యం. 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి ఆవిర్భావం అక్కడే ప్రకటితమైంది. అప్పటికి బాపూజీ వయసు ఎనభై ఐదు దాటింది. ఆ తరువాత కూడా, తొంభై దాటిన వయసులో, ఢిల్లీ చలిలో జంతర్ మంతర్ వద్ద దీక్షకు కూర్చున్నారు.

2012 సెప్టెంబరు 21న, తొంభై ఏడవ జన్మదినానికి ఆరు రోజుల ముందు, ఆయన హైదరాబాదులో కన్నుమూశారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. కొత్త రాష్ట్రం ఆయన పేరును ఒక విశ్వవిద్యాలయానికి పెట్టింది. అది నేతకు చెందినది కాదు, తోటల పెంపకానికి చెందినది. సెప్టెంబరు 27న ఆయన జయంతిని పద్మశాలీలు ఉన్న ఊళ్ళలో జరుపుకుంటారు.